‘ఆయ్’ అంటే అవునని కాదు

సంక్రాంతికి కోనసీమ వచ్చి నేను లాయరుగా పని నేర్చుకున్న మా సీనియర్ గారింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చోగానే ఆయన అడిగింది ఒకటే.

“అక్కడ డిపొజిషన్ ఎవరు రాస్తారమ్మా?”

“ఎవరూ రాయరండీ. సాక్షి చెప్పింది మైకులో రికార్డవుతుంది. జడ్జిగారు నోట్సు రాసుకుంటారు. జ్యూరీ వింటుంది.”

నేను ఇంగ్లండులో బారిస్టరుని. క్రౌన్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తాను. విగ్గు, గౌను గురించి అందరూ అడుగుతారు. అవి నెలలో అలవాటైపోయాయి. ఏళ్లు పట్టింది టైపిస్టు లేకపోవడానికి అలవాటు పడటం. ఇక్కడ సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, టైపు అయ్యేదాకా మనం ఆగుతాం. అక్కడ నా మొదటి క్రాస్‌లోనూ, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడూ, ప్రశ్న ప్రశ్నకీ అలాగే ఆగాను. అది మంచిదే అయింది. నేరం చేశాడో లేదో తేల్చే పన్నెండుమంది మామూలు మనుషులు, ఆ జ్యూరర్ల చేతిలో డిపొజిషన్ కాగితం ఉండదు, చెవిన పడిందే సాక్ష్యం. ప్రశ్నకి ఒకటే సంగతి పెట్టి, జవాబు వాళ్లకి ఇంకేదాకా ఆగాలి.

ఇంకో తేడా ముద్దాయి. మన దగ్గర ముద్దాయి బోనెక్కి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడం చాలా అరుదు. అక్కడ 1898 నుంచీ ఆ హక్కుంది. ఎక్కకపోతే, 1994 చట్టం ప్రకారం జ్యూరీ ఆ మౌనాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. ఎక్కించాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ముందురోజు రాత్రి నాకు నిద్ర పట్టదు.

సీనియర్ గారు అంతా విని, “మన బోదె కాలువ కేసు గుర్తుందా?” అన్నారు.

ఎలా మర్చిపోతాను? నేను జూనియర్‌గా ఉన్నప్పటిది. వంతు నీళ్ల దగ్గర గొడవ, ఒకతను పోయాడు. మా డిఫెన్స్ సాక్షి ముసలి రైతు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు “గొడవ టైమ్‌కి నువ్వక్కడ లేవు కదా?” అంటే, తలవంచి “ఆయ్” అన్నాడు. మన గోదావరి మనిషి పెద్దవాళ్ల ముందు “ఆయ్” అంటే చాలాసార్లు ‘వింటున్నానండి’ అని. కాగితం మీద మాత్రం ‘గొడవ సమయంలో నేను అక్కడ లేనన్నది నిజం’ అని పడింది. నేను గమనించేసరికి సాక్షి దిగిపోయాడు. తీర్పులో ఆ వాక్యమే మా సాక్షిని కొట్టేసింది. ఆ ముసలాయన మెట్లు దిగుతూ “నేను ఉన్నానని చెప్పేను కదండీ” అన్న మాట నాతోపాటు లండన్ దాకా వచ్చింది.

“276 గుర్తుచేసుకోండి సార్,” అన్నాను. సెషన్స్ కేసులో సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాసినా, జడ్జిగారు తలుచుకుంటే ప్రశ్న, జవాబు ఉన్నదున్నట్టు రాయించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.)లోని ఆ 276వ సెక్షనే చెప్పింది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ వెసులుబాటు ఉంది. అడిగే లాయరు ఉండాలి. నేను అడగలేదు.

పండగ సెలవులయ్యాక ఆయన వెంట కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. బోనులో ఒకావిడ. క్రాస్‌లో ప్రశ్న పడగానే కొంగు సర్దుకుని “ఆయ్” అంది. సీనియర్ గారు లేచారు.

“అయ్యా, ఈ ప్రశ్న, ఈ జవాబు ఉన్నదున్నట్టు రాయించమని మనవి.”

జడ్జిగారు సాక్షి వైపు తిరిగారు. “అవునంటున్నావా అమ్మా, వింటున్నానంటున్నావా?”

“వింటన్నానండి.”

టైపిస్టు వేలు బ్యాక్‌స్పేస్ మీదికి వెళ్లింది.