చట్టబద్ధమైన సందేహం

నిన్న ఒక అనువాదంలో ‘లెజిటిమేట్’ కనబడిన చోటల్లా ‘చట్టబద్ధమైన’ అని వేసుకుంటూ పోయాను. ‘చట్టబద్ధమైన ప్రభుత్వం’ బాగానే కుదిరింది. తర్వాతి పేజీలో ‘చట్టబద్ధమైన సందేహం’ అని చదివి నాకే నవ్వొచ్చింది. సందేహపడడానికి కూడా లైసెన్సు కావాలా? అక్కడ ఉండవలసింది ‘సహేతుకమైన’. మరో చోట ‘న్యాయమైన’ కోరిక.

అసలు తమాషా ‘సక్రమం’, ‘అక్రమం’ దగ్గర. క్రమంతో కూడినది సక్రమం, క్రమం లేనిది అక్రమం. పుట్టుకలో ఎదురెదురు మాటలే, వాడుకలో మాత్రం చెరో దారి పట్టాయి. ‘అక్రమ నిర్మాణం’ అంటే చట్టాన్ని మీరి కట్టినది. ఫ్యాను సక్రమంగా తిరుగుతోందంటే దానికి అనుమతి పత్రాలున్నాయని కాదు, సరిగ్గా తిరుగుతోందని. వంకర టింకరగా కట్టిన గోడను ఎవరూ అక్రమ గోడ అనరు, అనుమతి ఉంటే చాలు!

చివరి పేజీలో ‘అక్రమ సంతానం’ దగ్గర చేయి ఆగిపోయింది. నిఘంటువులో ఉన్న మాటే. కానీ క్రమం తప్పింది ఎవరైనా కానీ, బిడ్డ మాత్రం కాదుగా! కొట్టేసి ‘పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ’ అని రాశాను. వాక్యం రెండో వరుసలోకి పాకింది. పాకనీ.