బచ్చలిపండు రంగు చీర, నాయనమ్మ అడ్డిగ

ఆదివారం రాత్రి, పదకొండు కావస్తోంది.

శుక్రవారం తమ్ముడి రిసెప్షన్. చీర నెల క్రితమే కొన్నాం, గద్వాల పట్టు. ఒళ్లంతా బచ్చలిపండు రంగు, అంచూ కొంగూ ఆవపిండి పసుపు. రవిక కూడా ఆ పసుపులోనే కుట్టించాను. మిగతావి ఎప్పుడైనా తీసుకోవచ్చులే అనుకుంటూ ఇవాళ్టిదాకా లాక్కొచ్చాను.

నిన్న ఆన్‌లైన్‌లో తెప్పించిన గాజులు వచ్చాయి. ఫోన్‌లో 'వైన్' అని ఉంది, చీర బిల్లు మీదా 'వైన్' అనే ఉంది, సరిపోతాయనుకున్నాను. విప్పి చూస్తే చింతపండు రసంలా గోధుమలోకి దిగిపోయిన ఎరుపు. అమ్మ వాటిని చీర మీద పెట్టి చూసి, "పండు నలిపితే వేళ్లకి అంటుకుంటుందే, ఆ రంగు చీర ఇది. వైన్ అంటే వాళ్లకి మాత్రం ఏం తెలుస్తుంది?" అంది. నిజమే. ఉల్లిపొర, నెమలికంఠం, వంగపండు, గంధం... మన పేర్లు వింటే వస్తువే కళ్లముందుకొస్తుంది. ఉల్లిపొర అన్నాక ఇద్దరు రెండు రంగులు ఊహించుకోలేరు.

అందుకే ఇవాళ చీరనే కవర్లో పెట్టుకుని అమ్మా నేనూ లాడ్ బజార్ వెళ్లాం. చార్మినార్ పక్కన ఆ వీధిలోకి అడుగుపెడితే నాకు ఇప్పటికీ చిన్నపిల్లనైపోయినట్టు ఉంటుంది. లక్కని నిప్పుల సెగ మీద మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరేలోపే ఒక్కొక్క రాయీ అద్దుతారు. అంత సెగ దగ్గర కూర్చుని చేసే పని అది. ఈ హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇవి ఈ ఊరి సొంత సరుకని ముద్ర. వచ్చినందుకు నాకు మనసారా సంతోషం.

కొట్టాయన నా చెయ్యి చూసి, అడక్కుండానే 2-6 సైజు పెట్టెలు తీశాడు. రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులన్నమాట. చీర చూపించగానే అచ్చం అదే రంగు గాజులు ముందు పెట్టాడు. "లోపల లైట్లలో చూడకండమ్మా, బయట ఎండలో పెట్టి చూడండి" అన్నది కూడా ఆయనే. ఎండలో చూశాను. పొల్లుపోకుండా కలిసింది. చేతికి వేసుకుని కుచ్చిళ్ల మీద చెయ్యి వాల్చాను. గాజులు మాయం! చీర మింగేసింది. అంత పనితనం ఉన్న గాజు చేతికి ఉండీ లేనట్టే అయితే ఇంకెందుకు?

అప్పుడు చీర అంచు వైపు చూశాను. గద్వాలలో ఒంటినీ అంచునూ వేర్వేరు పోగులతో నేస్తూ, నేతలోనే ఒకదానికొకటి ముడివేస్తారు. కుట్టు అంచు అంటారు. అందుకే రెండు రంగులూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడకుండా, గీత గీసినట్టు పక్కపక్కన నిలబడతాయి. ఈ చీరకి ఏది నప్పుతుందో నేసినాయన ముందే చెప్పేశాడు కదా! ఆవపిండి పసుపు లక్క గాజులు, మధ్యలో ఒకే ఒక్క వరస బచ్చలిపండు రాళ్లున్నవి తీసుకున్నాం. చేతికి రెండేసి.

అసలు చిక్కు మెడలోకి. నాయనమ్మ కెంపుల అడ్డిగ పెట్టుకోవాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. వాడి పెళ్లి చూడకుండానే పోయింది. కానీ కెంపుల ఎరుపు బచ్చలిపండు రంగు పక్కన పెడితే నారింజలా వెలవెలబోతోంది. మంచం మీద చీర పరిచి, దాని మీద అడ్డిగ పెట్టి చూసిన ప్రతిసారీ నీరసం వచ్చి, తీసి పెట్టెలో పెట్టేదాన్ని. ముత్యాల దండ వేసుకుందామని దాదాపు తేల్చుకున్నాను. ముత్యాలు ఏ రంగు పక్కనైనా ఇమిడిపోతాయి.

సాయంత్రం అమ్మ, "మంచం మీద ఎందుకు చూస్తావే? నువ్వు కట్టుకునేది మంచానికా?" అని రవిక తొడిగించి అద్దం ముందు నిలబెట్టింది. అడ్డిగ గొంతుకి ఆనుకుని ఉండే నగ. దాని కింద నా మెడ, ఆ కింద పసుపు రవిక. చీర ఒంటి రంగు దానికి ఎక్కడా తగలనే తగలదు! పసుపు మీద కెంపులు నిప్పుకణికల్లా వెలిగాయి. ఇన్ని రోజులూ ప్రతిదాన్నీ చీరకే కలపబోయాను. గాజుకి పొరుగు కుచ్చిళ్లు. అడ్డిగకి పొరుగు మెడా రవికా. చెవి బుట్టలకి పొరుగు చెంప. ఏది దేని పక్కన నిలబడుతుందో అదే చూసుకోవాలి.

పెదాల రంగూ అలాగే తేలింది. మధ్యాహ్నం ఒక మేకప్ కౌంటర్‌లో అమ్మాయి నాకు రెండు ఛాయలు తెల్లటి ఫౌండేషన్ రాసి, "ఫోటోల్లో బ్రైట్‌గా వస్తారు మేడం" అంది. నాది చామనఛాయ. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితే ఆ కెంపులు ఎవరి మెడలో ఉన్నట్టు? బాధేసింది, చెప్పాను కూడా. దవడ ఎముక మీద మూడు ఛాయలు గీతలుగా గీసి, గుమ్మం బయట వెలుతుర్లో చూపించమన్నాను. చర్మంలో కలిసిపోయి కనపడకుండా పోయిన గీతే నాది. గాజుల్లో వద్దనుకున్నది ఇక్కడ కావాలి.

లిప్‌స్టిక్ చీర రంగుదే కొని తెచ్చాను, ఇంటికొచ్చాక మనసు మార్చుకున్నాను. ఫంక్షన్ హాల్లో పసుపు లైట్లు. పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ, అందుకని బచ్చలిపండులోని ఊదా ఛాయ అణిగిపోయి రంగు ముదురుగా కనిపిస్తుంది. పూజగదిలో పసుపు బల్బు వేసి చూస్తే చీరకి పెద్దగా తేడా తెలియలేదు, పెదాలు మాత్రం నల్లబడ్డాయి. నా దగ్గరున్న పాత ఇటుక ఎరుపు వేసి చూశాను. అమ్మ పెట్టిన ఎర్ర బొట్టుకీ, కెంపులకీ, దానికీ చక్కగా పొత్తు కుదిరింది. బొట్టు ఎరుపే ఉండాలని అమ్మ ఎప్పుడూ పట్టుబడుతుంది. ఈసారి నేనూ అదే మాట. తల్లో కనకాంబరాలూ మరువం. చెప్పులకి అంత ఆలోచన అక్కర్లేదు, కుచ్చిళ్ల కింద ఎవరు చూస్తారు.

అడ్డిగ వెనక దారం మాత్రం బాగా పాతబడింది. ముడి దగ్గర పోగులు లేచాయి, ఇంకా నాయనమ్మ మెడ కొలతే ఉంది. రేపు ఆఫీసు నుంచి వస్తూ కొత్త దారం వేయించాలి, ఒక అంగుళం తగ్గించమని చెప్పాలి. పాత దారాన్ని పారేయకుండా తిరిగిమ్మని అడగాలి.