ఆహా అంటే కూడా తప్పేనా?

స్పెయిన్‌లో అల్మాగ్రో అనే ఊళ్లో నాటకం చూస్తుంటే పక్క సీట్లో ఉన్నాయన నా మోచేతి మీద వేలితో తట్టి "ష్" అన్నారు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషైతే ఊరుకునేదాన్ని, ఆయన మా ఆఫీసు టీమ్‌లో సీనియర్, స్పెయిన్‌వారే. జూలైలో అక్కడ పాత నాటకాల ఉత్సవం జరుగుతుంది, 1978 నుంచీ జరుగుతోంది, మాడ్రిడ్ నుంచి మా అందరినీ కార్లలో వేసుకుని తీసుకెళ్లిందీ ఆయనే.

ఇంతకీ నేనన్నది ఒక్క "ఆహా". పదిహేడో శతాబ్దపు స్పానిష్ రచయిత కాల్దెరోన్ నాటకం. జాతకం బాలేదని కన్నతండ్రే పుట్టగానే టవర్‌లో బంధించిన రాజకుమారుడు, బతుకంతా కలేనంటూ పద్యం చెబుతున్నాడు. నా స్పానిష్ మీటింగులకీ మెయిళ్లకీ సరిపోయేంతే, సగం మాటలు తెలియలేదు, కానీ ఆ నడక చెవికి తెలుస్తుంది కదా! మన దగ్గరైతే అక్కడ వన్స్ మోర్ పడి తీరాలి, ఆ అబ్బాయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి.

నోరు మెదపకూడదన్నది ఎవరో చూడండి. మధ్యాహ్నం రెండింటికి బార్‌లో భోజనానికి కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, నా మాట నాకే వినపడదు, మొదట్లో నిజంగా కొట్టుకుంటున్నారేమో అని టెన్షన్ పడేదాన్ని. అలాంటివాళ్లు నాటకం మొదలైతే గుళ్లో కూర్చున్నట్టు కూర్చుంటారు.

పోనీ వాళ్ల పద్ధతి అదే అనుకుందామంటే, మేం నాటకం చూసిన ఆ కట్టడం చరిత్ర అలా చెప్పడం లేదు. 1628 నాటిది. మధ్యలో ఆకాశం కనబడే పెరడు, ఒక చివర స్టేజి, చుట్టూ ఎర్రమట్టి రంగు పూసిన చెక్క స్తంభాలు, పైన వసారాలు. తర్వాత ఎప్పుడో సత్రమైపోయి, 1950లలో పనులు చేస్తుంటే స్టేజి బయటపడింది. మాడ్రిడ్‌లో ఇలాంటివి ఇంకా ముందే వచ్చాయి, క్రూజ్ వీధిలోది 1579లో, ప్రిన్సిపె వీధిలోది 1583లో. వాటి రాబడిలో వాటా ఆస్పత్రులకు పోయేది. అందుకే మతపెద్దలు ఎంత తిట్టినా, 1598లో రాజు మూయించినా, మరుసటి ఏడే మళ్లీ తెరిచారు.

అక్కడ జనం ఎలా ఉండేవారని? పెరట్లో నిలబడి చూసే మగాళ్లను మొస్కెతెరోలు అనేవారు, నచ్చకపోతే ఈలలు, కేకలు, చేతిలో ఏముంటే అది స్టేజి మీదకి. ఆడవాళ్లకు విడిగా వసారా, దాని పేరు కాథ్వేలా, అంటే వంటగిన్నె. ఇంకా జనం పడతారని వాళ్లను లోపలికి నెట్టి సర్దడానికి ఒక మనిషే ఉండేవాడు! వాళ్లూ తక్కువ తినలేదు, తాళంచెవుల్లోకి ఊది ఈలలు వేసేవారు. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, ఆడవాళ్లు స్టేజి ఎక్కడానికి 1587లోనే అనుమతి దొరికింది.

ఆ కాలపు పెద్ద నాటక రచయిత లోపె దె వేగా అయితే 1609లో చెప్పేశాడు, డబ్బులిచ్చేది జనం కాబట్టి వాళ్లకు నచ్చేలా రాస్తానని, కూర్చున్న స్పెయిన్‌వాడి కోపం చల్లారాలంటే సృష్టి నుంచి ప్రళయం దాకా రెండు గంటల్లో చూపించాలని. ఆ కోపిష్టివాళ్ల మనవలే ఇప్పుడు నన్ను "ష్" అంటున్నారు.

1730, 40లలో మాడ్రిడ్‌లో ఆ పెరళ్లు తీసేసి కప్పున్న థియేటర్లు కట్టారు. అప్పుడైనా సద్దుమణిగారా అంటే, లేదు. ఈ థియేటర్ అభిమానులు చొరీజోలు, ఆ థియేటర్ వాళ్లు పొలాకోలు, ఒకరి నాటకాన్ని ఒకరు పాడుచేసేవారు. మన హీరోల ఫ్యాన్స్‌ను చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. ఆ తర్వాతే, చదువుకున్న పెద్దమనుషులు నాటకాన్ని సంస్కరించాలని పూనుకున్నాక, ప్రేక్షకుడికి క్రమశిక్షణ నేర్పడం మొదలైనట్టుంది.

సోమవారం కాఫీ దగ్గర ఇదంతా ఆయనకు చెప్పాను, కాస్త గట్టిగానే. తాళంచెవుల సంగతి విని నవ్వారు. నవ్వి, "అప్పుడు జనం సరదాకి వెళ్లేవారు" అన్నారు. మరి నేను వారమంతా పనిచేసి, శనివారం అంత ఎండలో రెండు వందల కిలోమీటర్లు కారులో కూర్చుని వెళ్లింది దేనికట?