42 కౌంటు, ఒక బూతుమాట

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో మాకు రెండు రొయ్యల గుంతలున్నాయి. కలిపి నాలుగెకరాలు. పోయిన ఏడాది మే నెలలో పట్టుబడి (పెరిగిన రొయ్యలను గుంతలోంచి పట్టి అమ్మడం) పెట్టిన రాత్రి మా నాయన ఒక మాటన్నాడు. ఆ ఒక్క మాటకు ఎనభై వేలు పోయాయి. పోయిన డబ్బు ఎట్టాగో సర్దుకున్నాం. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 40 కౌంటు అంటే కిలోకు నలభై. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. ఒక్క కౌంటు తేడా వస్తే కిలోకు రెండు మూడు రూపాయలు మారుతుంది. ఆ రాత్రి మా సరుకు నాలుగు టన్నులు.

సాయంత్రం మేం వల విసిరి చూసుకుంటే 42 వచ్చింది. రాత్రి పదకొండింటికి కొనేవాళ్ళ తరఫున పుస్తకం పట్టుకొచ్చిన కుర్రాడు తూస్తే 46. వాడు శాంపిల్ తీసింది, వల అడుగున మిగిలిన చిన్న రొయ్యలు పోసిన టబ్బులోంచి. నాయన అది కళ్ళారా చూశాడు. "ఇది గాదు అబ్బయ్యా, ఆ టబ్బులోది తియ్" అని రెండుసార్లు నెమ్మదిగానే చెప్పాడు. పక్క గుంత రైతు కూడా "అవునబ్బా, పెద్దాయన చెప్పింది నిజమే, ఇంకో కిలో చూడు" అన్నాడు. లోడింగ్ కూలీలు కూడా తలూపారు. కుర్రాడు ఫోన్ చూసుకుంటూనే "చూస్తాలే పెద్దాయనా" అని టబ్బు వైపు రెండడుగులు వేశాడు కూడా.

సరిగ్గా అప్పుడే నాయన నోట్లోంచి ఆ కుర్రాడి తల్లి మీద ఒక మాట వచ్చింది. ఆ మాట ఇక్కడ రాయను. మనందరికీ తెలిసిందే.

కుర్రాడు పుస్తకం మూసేసి లారీ క్యాబిన్లోకెక్కి కూర్చున్నాడు. కూలీలు టబ్బులు దించేశారు. అప్పటిదాకా మా వైపు మాట్లాడిన పక్క గుంత రైతే "ఏందన్నా, పిల్లోణ్ణి పట్టుకొని అట్టాంటి మాటంటావా" అన్నాడు. గట్టు మీద పదిహేను మంది ఉన్నారు, పదిహేను మందీ ఆ మాట గురించే మాట్లాడారు. కౌంటు 42నా 46నా అన్నది ఎవరికీ పట్టలేదు. గుంతలో నీళ్ళు అప్పటికే సగానికి పైగా తోడేశాం. పట్టిన రొయ్యను మళ్ళీ గుంతలో వదల్లేం, ఐసు కరిగిపోతోంది. తెల్లవారుజామున మూడింటికి ఇంకో ఏజెంటు వచ్చి 50 కౌంటు రేటు కట్టాడు. ఇచ్చేశాం.

మర్నాడు టీ అంగడి దగ్గర కూడా అదే. "మీ నాయన ఎవురినో అమ్మనా బూతులు తిట్టినాడంటనే" అని నన్నడిగారు. శాంపిల్ ఏ టబ్బులోంచి తీశారని ఒక్కరూ అడగలేదు. తప్పు చేసింది ఆ కుర్రాడు, తెల్లారేసరికి తప్పు మాదైపోయింది. వాదంలో తిట్టు చేసే పని ఇదేనని నాకు ఆ రోజు అర్థమైంది. అది ఎదుటివాడి తప్పుకు దుప్పటి కప్పేస్తుంది. టీవీ చర్చల్లో, ప్రెస్ మీట్లలో నాయకులు తిట్టుకోవడం మన రాష్ట్రంలో అందరం చూశాం. ఎవరు ఎవర్ని ఏమన్నారో మా ఊళ్ళో పిల్లలకు కూడా నోటికి వచ్చు. గొడవ ఏ పథకం గురించో, ఏ కాలువ గురించో అడిగితే చెప్పగలిగినవాళ్ళు నాకింకా కనపడలేదు.

అట్టాగని తిట్టు అనేది ఎప్పుడూ చెడ్డదే అనను. మూడేళ్ళ కింద జనరేటర్ బెల్టులో నా కుడిచేతి ఉంగరం వేలు నలిగింది. డాక్టరు దగ్గరికి చేరేదాకా బైకు వెనక కూర్చొని ఎన్ని తిట్లు తిట్టానో లెక్కలేదు. ఎవర్నీ తిట్టలేదు, ఆ బెల్టును, ఆ చీకటిని, ఆ గుంతల రోడ్డును తిట్టాను. తిడుతున్నంతసేపూ నొప్పి కాస్త పక్కకు జరిగినట్టుండేది. అది భ్రమేనేమో అనుకున్నాను. కాదట. ఇంగ్లండులో కీల్ యూనివర్సిటీ పరిశోధకుడు రిచర్డ్ స్టీఫెన్స్, ఆయన తోటివాళ్ళు 2009లో 67 మంది విద్యార్థుల చేత ఐసు నీళ్ళలో చెయ్యి పెట్టించారు. ఒకసారి బూతుమాట పదేపదే అనమన్నారు, ఇంకోసారి బల్లను వర్ణించే మామూలు మాట ఏదో అనమన్నారు. బూతుమాట అన్నప్పుడు సగటున నలభై సెకన్ల దాకా ఎక్కువసేపు చెయ్యి ఉంచగలిగారు. మగవాళ్ళూ అంతే, ఆడవాళ్ళూ అంతే. గుండె వేగం కూడా పెరిగింది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఐసు నీళ్ళ టబ్బులో చెయ్యి పెట్టడమంటే ఏమిటో మాకు తెలుసు. పట్టుబడి రాత్రి మోచేతుల దాకా ముంచి రొయ్యలు కలుపుతాం. నిమిషం దాటితే వేళ్ళు మనవి కావు. నలభై సెకన్లంటే చాలా పెద్ద మాట.

అదే స్టీఫెన్స్ 2011లో ఇంకో సంగతి తేల్చాడు. రోజంతా తిట్టే అలవాటున్నవాళ్ళకు ఈ మేలు తక్కువ, ఎప్పుడో ఒకసారి తిట్టేవాళ్ళకే ఎక్కువ. 2020లో మరో ప్రయోగం చేశారు. "ఫౌచ్", "ట్విజ్‌పైప్" అని రెండు ఉత్తుత్తి తిట్లు కొత్తగా తయారుచేసి అనిపించారు. వాటితో నొప్పి ఏమీ తగ్గలేదు. పలికే శబ్దంలో బలం లేదన్నమాట. చిన్నప్పుడు ఆ మాట అంటే ఇంట్లో వీపు పగిలింది గదా, బలం అక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం. మా నాయన పొద్దున లేచి మోటారును, మేతను, పక్షులను కూడా తిట్టే మనిషి. పాపం ఆయనకు నిజంగా నొప్పి వేసినప్పుడు పనికొచ్చే తిట్టు ఒక్కటీ మిగల్లేదు.

మన భాషలో తిట్లన్నీ ఒకటి కాదు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, నన్ను "నీ దుంపతెగ" అనేది. అంటూనే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. పక్కింటి బర్రె మా వామి మీద పడితే శాపనార్థాలు పెట్టేది, సాయంత్రానికి ఆ ఇంటికే మజ్జిగ పంపేది. ఆదివారం చేపల పులుసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని "నీ యబ్బ, ఏం కుదిరిందిరా" అనని మగవాడు మా ఊళ్ళో లేడు. వీటితో నాకు గొడవ లేదు. అవి పోతే మా మాటల్లో రుచే పోతుంది.

నాకు గొడవ వేరే వాటితో. ఆ రాత్రి లారీ వెళ్ళిపోయాక, రొయ్యలు ఏరడానికి వచ్చిన ఆడమనిషి ఒకామె, అరవై ఏళ్ళుంటాయి, చేతులు కడుక్కుంటూ నాయనతో అనింది: "తప్పు జేసింది వాడు గదన్నా, వాణ్ణను. వాళ్ళమ్మ యాడుందో ఏమో. ఇంట్లో నిద్దరపోతా ఉంటాది. ఆమేం జేసింది?"

నాయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళుగా వింటున్నాను, అంటున్నాను. ఒక్కసారీ నాకు తట్టలేదు. మనం మగవాణ్ణి తిట్టాలనుకుంటే అది వాడికి తగలదు, వాడి తల్లికో, అక్కకో, పెళ్ళానికో తగులుతుంది. "వెధవ" అని ఎంత తేలిగ్గా అంటాం. అది "విధవ" నుంచి వచ్చిన మాట. మొగుడు పోయిన ఆడదాని పేరును తిట్టు చేశాం. "ముండ" కూడా ఆ దారిలో వచ్చిందే, గుండు చేయించిన తల అని. మా అవ్వకు ముప్పై రెండేళ్ళప్పుడు తాత పోయాడు. నాయన ఇంట్లో ఎవరినైనా ఆ రెండో మాట అంటే, అవ్వ అన్నం తింటున్నా సరే పళ్ళెం పక్కకు జరిపి లేచి పెరట్లోకి పోయేది. అవ్వకు కోపం ఎక్కువ అనుకునేవాళ్ళం. ఆమె పోయి పదకొండేళ్ళయింది. ఎందుకు లేచిపోయేదో ఆ రాత్రి గట్టు మీద గానీ నాకు అర్థం కాలేదు. అవ్వ ఉండి ఉంటే కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

కులం పేర్లు ఇంకా దారుణం. ఏ తప్పూ చేయని ఒక మనుషుల గుంపు పేరును, ఎవడో మురికిగా ఉన్నాడని వాడి మీద విసురుతారు. నా చిన్నప్పుడు మా బడి వరండాలోనే విన్నాను. నలుగురిలో దళితులను, గిరిజనులను కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అది నేరం. దూషించినవాళ్ళు తర్వాత "కోపంలో నోరు జారింది" అంటారు. కోపం అందరికీ వస్తుంది. నోట్లో ఆ పేరు ముందే పెట్టుకున్నవాడికే జారుతుంది.

నేను నాయనకు ఇవన్నీ ఉపన్యాసంలా చెప్పలేదు. కొడుకు చెప్తే వినే వయసు కాదు ఆయనది. ఐసు నీళ్ళ ప్రయోగం సంగతి మాత్రం అన్నం తినేటప్పుడు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఊరికే వాడేస్తే పన్జెయ్యదంటావు" అన్నాడు. అంతే.

ఈ కార్తీకంలో మళ్ళీ పట్టుబడి పెట్టాం. కొనేవాళ్ళు వేరే, కుర్రాడు వేరే, తగాదా మాత్రం అదే. మా లెక్క 41, వాళ్ళ లెక్క 47. నాయన మెడ నరాలు ఉబ్బడం లైటు వెలుతుర్లో నాకు కనపడింది. చెయ్యి పట్టుకుందామని ముందుకు కదిలాను. ఆయన నావైపు చూడకుండా గట్టు చివర తూము దాకా నడిచిపోయాడు. అక్కడ చీకట్లో నిలబడి తూమును తిట్టాడు. దాని పలకలను, బురదను, సిమెంటును వరసబెట్టి తిట్టాడు. పిచ్చుకంత కుక్కపిల్ల ఒకటి భయపడి మా కాళ్ళ సందుకొచ్చింది. రెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి తుండుతో మొహం తుడుచుకొని, "అబ్బయ్యా, మూడు టబ్బుల్లోంచి తలా ఒక కిలో తీద్దాం. నువ్వే లెక్కబెట్టు, నేను ఊరికే చూస్తుంటా" అన్నాడు.

తీశారు. 42, 45, 45 వచ్చాయి. కుర్రాడు పుస్తకంలో 44 రాసి నాయనకు చూపించాడు. నాయన కళ్ళద్దాలు పెట్టుకొని చూసి సరేనన్నాడు. టబ్బులు ఎక్కించడం మొదలుపెట్టాం.