ఉదయగిరి దుర్గం ఎక్కుతూ తెలుసుకున్న ముట్టడి కథ

శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరిని జయించాడని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో చదువుకుని, పరీక్షలో రాసి మరచిపోయినవాళ్లమే మనలో చాలామందిమి. ఆ వాక్యం వెనుక ఏడాదిన్నర ముట్టడి ఎందుకు దాగి ఉందో, నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్లి ఆ కొండ ఎక్కినప్పుడు గాని నాకు బోధపడలేదు.

ఊరు దాటగానే రేగు, కలే పొదల మధ్య మెట్ల దారి మొదలవుతుంది. కొన్నిచోట్ల మెట్లు అరిగి నున్నబడి ఉంటే, మరికొన్నిచోట్ల పూర్తిగా చెదిరిపోయి, బండ పగుళ్లలోంచి బయటికి వచ్చిన వేళ్లను పట్టుకుని పైకి పాకవలసి వస్తుంది. కొండచరియ నిలువుగా ఉన్న వైపు శత్రువుకు దారే లేదు కాబట్టి, మనిషి ఎక్కగలిగిన సందులు చూసి అక్కడ గోడలు లేపారు. సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున్న ఈ దుర్గానికి సగం కోట ప్రకృతే కట్టిపెట్టిందనడం అతిశయోక్తి కాదు.

ముట్టడి జరిగిన రెండు దశాబ్దాలకు విజయనగర చరిత్ర రాసిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్, ఈ కోటకు ఒకే ఒక్క దారి ఉండేదని, అందులో ఒక్కొక్కరుగా మాత్రమే నడవగలిగేవారని, రాయలు బండలు పగలగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించాడని చెప్పాడు. అతని లెక్క ప్రకారం రాయల వెంట వచ్చినవి 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. లోపల కాపలా ఉన్నది 10 వేల కాల్బలం, 400 గుర్రాలు. ఆ అంకెలను అక్షరాలా నమ్మనక్కరలేదు గాని, దారి గురించి అతను రాసినది మాత్రం మోకాళ్లు పీకుతున్నప్పుడు తు.చ. తప్పకుండా నిజమనిపిస్తుంది. ఈ రాళ్ల మీద ఆ ఏనుగులు ఏపాటి అక్కరకు వచ్చాయో!

పైన విశాలమైన చదును, శిథిలమైన కట్టడాలు, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కాలపు పారశీక శాసనాలున్న మసీదు కనిపిస్తాయి. విజయనగరం పోయాక కూడా ఈ కొండను ఎవరూ చేజేతులా వదులుకోలేదనడానికి ఆ శాసనాలే సాక్ష్యం.

కోట చిక్కిన తరువాత రాయలు దేవేరులతో తిరుమల వెళ్లి మొక్కు తీర్చుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసం ప్రత్యేకంగా ఆలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం నేడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. గుడి ఒకచోట, దేవుడు మరొకచోట, ఆయన అసలు ఊరు వేరొకచోట ఉండటం నాకు కొంత బాధగానే తోచింది.

వెళ్లదలచినవారు ఎండలు ముదరకముందే, తెల్లవారుతూనే నడక మొదలుపెట్టడం మంచిది. తాగునీరు కిందనుంచే మోసుకెళ్లాలి. దారి చాలాచోట్ల పొదల్లో కలిసిపోతుంది కనుక, దారి తెలిసిన స్థానికులను వెంటబెట్టుకోవాలి. దిగివచ్చాక ఊళ్లో చేతితో చెక్కే కొయ్య గరిటెలు, చెంచాలు దొరుకుతాయి.