ఎవరో ఫోన్ చేశారట
మొన్న రాత్రి కాలిఫోర్నియాలో ఇంటికి తిరిగి వస్తుండగా పోలీసులు మా కారును ఆపారు. అలాంటి కారే ఒకటి అటూ ఇటూ ఊగుతూ పోతోందని ఎవరో పేరు చెప్పకుండా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేశారట. వెనుక సీట్లో అమ్మ, పాస్‌పోర్టు ఉన్న సంచిని గుండెలకు హత్తుకుని కూర్చుంది. టార్చి వెలుగు ఆమె ముఖం మీద పడినప్పుడు నా వేళ్లు స్టీరింగ్‌కు బిగుసుకుపోయాయి. కాసేపటికి వదిలేశారు.

నిద్ర పట్టక నవరెట్టే కేసు తీర్పు మళ్లీ చదివాను. ఒక పికప్ ట్రక్కు తనను రోడ్డు దిగిపోయేలా చేసిందని 2008లో ఒక అజ్ఞాత వ్యక్తి 911కు చెప్పగా, పోలీసులు దానిని సుమారు ఐదు నిమిషాలు వెంబడించి, నడపడంలో ఏ తప్పూ కనిపించకపోయినా ఆపారు. డ్రైవర్ తాగి ఉండవచ్చన్న అనుమానానికి ఆ ఫోన్ చాలని, కాబట్టి ఆ ఆపడం చెల్లుతుందని 2014లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. బస్టాపులో ఒక కుర్రాడి దగ్గర తుపాకీ ఉందన్న అనామక ఫోన్ ఒక్కటే సోదాకు చాలదని 2000లో ఏకగ్రీవంగా చెప్పింది కూడా ఆ కోర్టే.

తాగి నడిపేవాళ్ల వల్ల ప్రాణాలు పోతాయని నాకు తెలుసు. అయినా నా మనసు 2014 తీర్పుతో విభేదించిన జస్టిస్ స్కాలియా వాదన వైపే మొగ్గుతోంది: ఐదు నిమిషాలు తిన్నగా సాగిన బండి ఆ అనుమానాన్ని బలపరచదు, తగ్గిస్తుంది.

"ఎవరు చేసుంటారురా?" అని అమ్మ ఈ ఉదయం కూడా అడిగింది.