చెంబు బయటికి తీసినందుకు

రాత్రి పన్నెండు కావస్తోంది. హాల్లో రెండు పెట్టెలు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మాత్రం అవి కాదు, పక్క కుర్చీ మీదున్న ఆకుపచ్చ ప్లాస్టిక్ చెంబు. సాయంత్రం అమ్మ పెట్టెలోంచి దాన్ని బయటికి తీసి "లగ్జరీ ఓడలో చెంబేందమ్మా" అని నవ్వాను. నాయన కూడా నవ్వాడు. అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎల్లుండే అమ్మానాయనల ఓడ ప్రయాణం. తమ్ముడు అంత దూరంలో కూర్చుని టికెట్లు తీసేశాడు. గ్రీసులోని పిరెయస్ రేవులో ఎక్కి, మికొనోస్, సాంటొరిని, కుషాదసి, పట్మోస్ తిరిగి మళ్లీ పిరెయస్. 7 రాత్రులు, 120 మంది పట్టే ఓడ. డబ్బులు వాడివి, తిప్పలు నావి. ఓడవాళ్లు పంపిన 38 పేజీల పుస్తకంలో వైన్ల గురించి ఆరు పేజీలున్నాయి. బాత్రూము గురించి ఉన్నది ఒక్క లైను, అందులోనూ సబ్బు ఏ కంపెనీదో రాశారు.

పెట్టెల సంగతి చెప్పకపోతే నా నోరు ఊరుకోదు. వాడు ఆన్‌లైన్లో తెప్పించి పంపినవి 28 అంగుళాలవి, గట్టి పెంకువి. గట్టి పెట్టె పుస్తకంలా సగానికి విచ్చుకుంటుంది. తెరవాలంటే దానికి రెండింతల నేల కావాలి. చిన్న ఓడ కేబిన్లో మంచానికీ గోడకీ నడుమ ఒక మనిషి పక్కకి తిరిగి నడిచే సందు ఉంటే ఎక్కువ. బట్టలు అల్మరాలో పెట్టేశాక ఖాళీ పెట్టె మంచం కిందికి పోవాలి. పోకపోతే వారం రోజులూ దాన్ని దాటుకుంటూ బాత్రూముకి పోవాలి, అదీ అర్ధరాత్రి, నేల ఊగుతుంటే. గుడ్డ పెట్టెకైతే మూత పైకి లేస్తుంది, ఖాళీ అయినాక అణుగుతుంది. తమ్ముడికి ఫోన్ చేస్తే "నాలుగు చక్రాలన్నా, వేలితో తోసుకోవచ్చు" అన్నాడు. తోసేదెవరు? రేవు దగ్గర పెట్టెలు వాళ్లే తీసుకుని, గంటో మూడు గంటలో అయ్యాక కేబిన్ దగ్గరికి చేరుస్తారు. పైగా ఓడ ఒరిగితే నాలుగు చక్రాల పెట్టె దానంతటదే షికారుకి బయల్దేరుతుంది. అటక మీది పాత గుడ్డ పెట్టెలు దింపి దులిపాను. ఒకదాని జిప్పుకి కొవ్వొత్తి రుద్దితే నడిచింది.

పెట్టె చేతికి రావడానికి గంటలు పడుతుంది కాబట్టి చేతిసంచే అసలు సంచి. పాస్‌పోర్టులు, మందులు, కళ్లజోళ్లు, చార్జర్లు, ఒక జత బట్టలు, ఒక స్వెట్టరు అందులోనే. మందులు లెక్కపెట్టి కాదు, 5 రోజులవి ఎక్కువ. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించాను. అమ్మ ఇన్సులిన్ విమానం కింది సామాన్లలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం, గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. కేబిన్లోని చిన్న ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టినా అంతే, తలుపు వైపు పెట్టాలి. అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. సూది ఏ టైముకి వేసుకోవాలో డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా చేతిసంచిలోకే.

చివరి రాత్రి ఇదంతా తిరగబడుతుంది. చాలా ఓడల్లో దిగే ముందు రాత్రే రంగు ట్యాగు కట్టి పెట్టె తలుపు బయట పెట్టమంటారు. పొద్దున్నే అది రేవులో ఉంటుంది. నాయన లాంటి మనిషి శుభ్రంగా అన్నీ మడిచి పెట్టి బయటికి తోసి, తెల్లారి చూసుకుంటే లుంగీ తప్ప ఏమీ మిగలదు. ఓడల్లో ఇది పాత జోకేనట. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గుడ్డ పెట్టె మూత లోపల అంటించాను: ప్యాంటు, చొక్కా, చెప్పులు, పళ్ల సెట్టు బయట ఉంచు నాయనా.

చిన్న ఓడ వద్దని మొదట వాదించినవాణ్ణి నేనే. పెద్ద ఓడ కెరటాన్ని లెక్కచేయదు, చిన్నది ప్రతిదానికీ జవాబు చెబుతుంది. ఊపు తగ్గించే రెక్కలు ఉంటాయి గానీ అవి ముఖ్యంగా ఓడ నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి, లంగరు వేస్తే చాలావాటికి పని ఉండదు. ఏజియన్ సముద్రంలో ఎండాకాలమంతా ఉత్తరపు గాలి, మెల్టెమి అంటారు, దాని పుణ్యమా అని రేవులే మారిపోతుంటాయి. మికొనోస్ అని రాసినంత మాత్రాన మికొనోస్ చూపిస్తారని కాదు. ఇవన్నీ తమ్ముడికి ఏకరువు పెట్టాను. ఇప్పుడు డెక్కు ప్లాను ముందు పెట్టుకుంటే నాదే తప్పేమో అనిపిస్తోంది. వీళ్ల కేబిన్ కింది అంతస్తులో, సరిగ్గా నడిమధ్యన. ఉయ్యాల బల్లకి మధ్యన కూర్చుంటే ఊపు తెలుస్తుందా? అదే లెక్క. అక్కడినుంచి దిగే నిచ్చెన దాకా 30 అడుగులు కూడా లేదు. వేలమంది ఓడలో అయితే ఒక్కో పూట నడకకే నాయన మోకాళ్లు అరిగిపోతాయి, టిఫిన్‌కి వరస, లిఫ్టుకి వరస. ఇక్కడ మూడో రోజుకల్లా పనివాళ్లకి అమ్మ పెరుగు అడుగుతుందని తెలిసిపోతుంది. సరే, తమ్ముడే గెలిచాడు. వాడికి చెప్పను.

ఓడ ఊపుకి వచ్చే వాంతులకి అమ్మకి అవోమిన్ బిళ్ల సరేనన్నాడు డాక్టరు, బయల్దేరే ముందు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి. కడుపు తిప్పడం మొదలైనాక వేసుకుంటే బిళ్లే బయటికొస్తుంది. మత్తు వస్తుంది, ఆ పూట మెట్ల దగ్గర జాగ్రత్త. నాయనకి ప్రోస్టేట్ ఉంది కాబట్టి డాక్టరు వద్దన్నాడు, ఆ రకం మందు మూత్రాన్ని బిగబట్టేస్తుంది. ఆయనకి ఎండు అల్లం ముక్కలు, ఖాళీ కడుపుతో ఉండకుండా గుప్పెడు బొరుగులు, కళ్లు దూరంగా ఆకాశం నీళ్లు కలిసే గీత మీద. కేబిన్లో పడుకుని ఫోన్ చూస్తే మాత్రం ఎవరూ కాపాడలేరు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. రేవు దాటగానే ఫోన్ దానంతటదే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కుని పట్టుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాక్‌లో అది చాలాసార్లు ఉండదు, బిల్లు వేరే పడుతుంది. ఓడ ఎక్కగానే ఫ్లయిట్ మోడ్, ఆపైన వైఫై ఒక్కటే. నాయన గులాబీపూల గుడ్ మార్నింగులు రేవులో దిగినప్పుడు పంపుకోవచ్చు. బంధువులు ఒక వారం ఓర్చుకుంటారు.

కరెంటు సామాన్ల దగ్గర అమ్మతో చిన్న యుద్ధమే అయింది. కెటిల్, ఇస్త్రీపెట్టె, చిన్న రైస్ కుక్కర్: మూడూ పెట్టింది. ఓడ ఎక్కేటప్పుడు స్కానర్‌లో దొరుకుతాయి, దిగేదాకా వాళ్ల దగ్గరే ఉంటాయి. నాయన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంకా ప్రమాదం. అందులో సర్జ్ రక్షణ ఉంది, అంటే కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే ఏర్పాటు. ఇంటి కరెంటులో ఒక తీగ ఫేజు, ఒకటి న్యూట్రల్. చాలా ఓడల్లో రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది, మన బాక్సు ఆ లెక్క తప్పుగా అర్థం చేసుకుని కాలిపోవచ్చు. అమెరికా కోస్ట్ గార్డు 2013లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. రెండు గుండ్రటి పుల్లల ఫోన్ చార్జర్లు అక్కడి సాకెట్లో నేరుగా దిగుతాయి, మూడు పుల్లలవి దిగవు. అగరొత్తులు, కర్పూరం, దీపం అసలు కూడదు, పొగ తగిలితే పైన ఓడ నడిపే గదిలో అలారం మోగుతుంది. బ్యాటరీ దీపం పెట్టాను. కేబిన్ గోడలు ఎక్కువగా ఇనుప రేకువే, అయస్కాంతం కొక్కేలు నాలుగు కొన్నాను. ఒకదానికి మంత్రాలయం రాఘవేంద్రస్వామి పటం వేలాడుతుందని చెప్పాక కుక్కర్ వదిలింది.

తిండి. నెయ్యి సీసా, పాలకోవా తీసేశాను: బయటి దేశాలవాళ్లు యూరప్‌లోకి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. పొడి అయితే పరవాలేదు, కాబట్టి కరివేపాకు పొడి, చెనిగ్గింజల పొడి గట్టిగా సీలు చేసి పెట్టాను. ఓడవాళ్లకి మూడు వారాల కిందటే రాశాను. శాకాహారం అని ఊరికే రాస్తే చేప పెట్టి కూర్చుంటారు. మాంసం, చేప, గుడ్డు, కోడి ఎముకల నీళ్లతో చేసిన సూపు, ఎముకల నుంచి తీసే జెలటిన్ వద్దు, పాలు పెరుగు సరే అని విడివిడిగా రాయాలి. భోజనానికి ముందు చేతులు సబ్బుతోనే. ఓడల్లో పాకే వాంతులు విరేచనాల నోరోవైరస్ శానిటైజరుకి సరిగా లొంగదు.

బట్టల గురించి పుస్తకంలో రెండు పేజీలు గింజుకున్నారు. ఒక గద్వాల చీర, ఒక కాలరు చొక్కా. అయిపోయింది.

నాకు నిజంగా భయం ఉన్నది చిన్న పడవలోకి దిగే చోట. సాంటొరినిలో ఓడ లోతు నీళ్లలోనే ఆగిపోతుంది, గట్టుకి చిన్న పడవలో చేరాలి. దీని గురించి ఆలోచిస్తుంటే సంగమేశ్వరం గుర్తొచ్చింది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గి అక్కడి గుడి బయటపడిన ఏడు, వేపదారు లింగాన్ని చూసి, సోమశిల గట్టుకి పడవ ఎక్కాం. నాయన ఒక చేతిలో క్యారియరు, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని ఒంటికాలు ఎత్తాడు. పడవాయన కేక పెట్టాడు: "సామీ, ముందు సంచి ఇయ్యి. పడితే సంచి పడనీ. ఇప్పుడు చెయ్యి ఇయ్యి. ఏళ్లు గాదు, ముంజెయ్యి." నాయన ముంజెయ్యి అందించాడు. ఆయన కూడా నాయన ముంజెయ్యే పట్టుకున్నాడు. నాయన కాలు కదపబోతే మళ్లీ కేక. "పడవ దిగుతాంటే పెట్టాకు. పైకొచ్చి నిలబడినాక పెట్టు." ఒక అల పోయింది, ఇంకోటి పోయింది. మూడోదానికి "ఇప్పుడు" అన్నాడు. నాయన కాలు పెట్టాడు, వెంటనే కూర్చోబెట్టి పక్కకి జరిపాడు. నిలబడి చుట్టూ చూడబోయిన మా చిన్నాయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఓడవాళ్లు చెప్పేది అక్షరాలా అదే. రెండు చేతులూ ఖాళీ, సంచి వీపుకి. ముంజేయి ముంజేయి పట్టు, వేళ్లు జారతాయి, ముంజేయి జారదు. పడవ పైకి లేచి క్షణం నిలబడేటప్పుడు అడుగు, వాళ్లు చెప్పినప్పుడే. దిగగానే కూర్చోవడం. ఇసుక గట్టున మోకాలి లోతు నీళ్లలో దింపితే వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. చీర కుచ్చిళ్లు కాలికింద పడతాయి కాబట్టి అమ్మకి ఆ పూట పంజాబీ డ్రెస్సు. ఒప్పుకోవడానికి వారం పట్టింది. గట్టు మీద దాదాపు 590 మెట్లు, గాడిదల పేడతో జారేవి. పక్కనే కేబుల్ కారు ఉంది, మన పాతాళగంగ రోప్‌వే లాంటిదే అన్నాను. సాయంత్రం అక్కడ వరస చేంతాడంత ఉంటుంది, కాబట్టి చివరి పడవకి గంటన్నర ముందే కిందికి బయల్దేరాలి. సొంతంగా తిరగబోయి ఆలస్యమైతే ఓడ ఆగదు.

కుషాదసి టర్కీలో ఉంది, అంటే గ్రీసు వదిలి మళ్లీ గ్రీసులోకి వస్తారు. చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒకసారి ప్రవేశించేది అయితే ఇక్కడ ఇరుక్కుంటారు. మల్టిపుల్ ఎంట్రీ వచ్చింది, టర్కీ ఈ-వీసా కూడా అచ్చుతీశాను. మొదటి రోజు ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినపడితే లైఫ్ జాకెట్‌తో చెప్పిన చోటికి పోవాలి, అది డ్రిల్లు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాయిని గుద్దుకున్నప్పుడు ఆ రోజే ఎక్కిన చాలామందికి డ్రిల్లు కాలేదు, అప్పటి నియమం 24 గంటల లోపు చేస్తే చాలనేది. 32 మంది పోయారు. 2015 నుంచి బయల్దేరే ముందో, బయల్దేరగానేనో చేయాల్సిందే. నాయన నిద్రపోతున్నానని తప్పించుకోకూడదు.

ఇక చెంబు. కేబిన్ బాత్రూము ఎలా ఉంటుందో నాకు తెలుసు, తెలిసీ నవ్వాను. గడప ఎత్తు, కాలివేలు తగులుతుంది. తలుపు బరువు, ఓడ ఊగితే దానంతటదే మూసుకుంటుంది, చట్రం మీద వేళ్లు పెట్టకూడదు. గాలి లాగే కమోడు, వాళ్ల కాగితం తప్ప ఏది వేసినా ఆ వరసలోని కేబిన్ల కమోడులన్నీ మూతపడొచ్చు. చేతి పైపు ఉండదు. యూరప్ ఓడల్లో ఉంటే అదృష్టం. ఏడు రాత్రులు, అరవై ఎనిమిదేళ్ల మనిషి, కాగితం. అమ్మ అడగలేదు, తనే ఆలోచించి పెట్టుకుంది. నేను మెల్టెమి గాలి గురించి చెబుతుంటే తను అసలు సంగతి కనిపెట్టేసింది. ఒక్కటే జాగ్రత్త: నీళ్లు పోయే తూము స్నానాల మూలలోనే ఉంటుంది, బయట ఒలికితే గడప దాటి కార్పెట్‌లోకి. సగం చెంబే నింపుకోవాలి, కూర్చునే వాడాలి. పొద్దున ఇది చెప్పాలి, చెప్పేటప్పుడు నవ్వకూడదు.

చెంబులో నాలుగు జతల సాక్సులు, అయస్కాంతం కొక్కేలు కుక్కాను. పెట్టెలో కాదు, పెట్టె ఆలస్యంగా వస్తుంది, చివరి రాత్రి ముందే పోతుంది. అమ్మ చేతిసంచిలో, జిప్పు తీయగానే కనపడేట్టు, పైన పెట్టాను.